వెన్నెముక స్క్రూ సరళమైన తీరు: ఒక వైద్య పరికర చరిత్ర

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:

• వెన్నెముకను లోపలి నుంచి నిలబెట్టే పద్ధతులు ఏ క్రమంలో వచ్చాయో వివరించగలుగుతారు.
• ఎముక స్క్రూ నమూనాను సరళం చేయడం అంటే ఏమిటో, అందుకు దారితీసిన కారణాలేమిటో చెప్పగలుగుతారు.
• ఒక పరికరం ఒకరికి సులువైనప్పుడు దాని కష్టం ఎవరి మీదికి మారిందో గుర్తించగలుగుతారు.
• తెలుగు ప్రాంతపు ఆసుపత్రులు, ప్రయోగశాలలు, చట్టాలు ఈ చరిత్రతో ఎలా ముడిపడ్డాయో తెలుసుకుంటారు.

1. ఉపోద్ఘాతం

మీరు బాన్సువాడలోనో, చుట్టుపక్కల బీర్కూరు, పిట్లం, నిజాంసాగర్ మండలాల్లోని ఏదో ఒక ఊళ్లోనో ఉండి ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. మీ ప్రాంత చరిత్ర అనగానే 1923, 1931 సంవత్సరాల మధ్య మంజీర నదిపై కట్టిన నిజాంసాగర్ ఆనకట్ట గుర్తుకు వస్తుంది. దాని కాలువల కింద పెరిగిన వరి, చెరకు పొలాలు గుర్తుకు వస్తాయి. అయితే చరిత్ర అంటే రాజులు, ఉద్యమాలు, ఆనకట్టలు మాత్రమే కాదు. మనిషి చేతిలో పుట్టిన ప్రతి వస్తువుకూ చరిత్ర ఉంటుంది. వేలెడంత పొడవున్న ఒక లోహపు స్క్రూకు కూడా ఉంటుంది. ఈ పాఠంలో మనం అలాంటి ఒక వస్తువు గురించి తెలుసుకుందాం.

ముందుగా మీ ఊరికి కొత్త కాని ఒక సంఘటనను ఊహించుకోండి. ఒక గీత కార్మికుడు తెల్లవారుజామున తాడిచెట్టు ఎక్కాడు. మోకు జారింది. అంత ఎత్తు నుంచి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది, కాని నడుము పైభాగంలో ఒక వెన్నుపూస నలిగిపోయింది. ఛాతీ వెన్నెముక ముగిసి నడుము వెన్నెముక మొదలయ్యే ఆ చోటే ఎత్తు నుంచి పడినవారిలో ఎక్కువగా దెబ్బతింటుంది. ఆ మనిషిని హైదరాబాదుకు తీసుకువెళ్లారు. డాక్టరు ఎక్స్‌రే చూపించి, "నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు వేయాలి" అన్నారు.

ఇంటివారు అడిగే ప్రశ్నలు మీకు తెలిసినవే. ఖర్చెంత? మళ్లీ నడుస్తాడా? ఎన్నాళ్లు మంచంలో ఉండాలి? చరిత్ర విద్యార్థిగా మీరు మరో ప్రశ్న కూడా వేయాలి. ఈ నాలుగు స్క్రూలు ఈ రూపంలోకి ఎలా వచ్చాయి? 100 ఏళ్ల క్రితం ఇదే మనిషికి ఏం జరిగేది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం పని.

2. కట్టుకు లొంగని ఎముక

చెయ్యి విరిగితే మన పెద్దలు ఊళ్లో కట్లు కట్టేవారి దగ్గరకు వెళ్లేవారు. చిత్తూరు ప్రాంతంలోని పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువారు తక్కువ. చెయ్యి, కాలు వంటి పొడవైన ఎముకలకు బయటి నుంచి బద్దలు పెట్టి కడితే, విరిగిన రెండు ముక్కలూ కదలకుండా ఉండి కాలక్రమంలో అతుక్కుంటాయి. ఈ పద్ధతి వెనుక ఉన్న సూత్రం సరైనదే. విరిగిన ఎముకకు మొదట కావలసింది నిశ్చలత.

వెన్నెముక విషయంలో ఈ సూత్రాన్ని అమలు చేయడం కష్టం. దానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, వెన్నెముక ఒకే ఎముక కాదు. ఒకదానిపై ఒకటి పేర్చిన వెన్నుపూసల వరుస. రెండవది, దాని చుట్టూ దళసరి కండరాలు, ముందు వైపు గుండె, ఊపిరితిత్తులు, పేగులు ఉంటాయి. కాబట్టి బయట ఎంత గట్టిగా కట్టినా లోపలి పూస కొంత కదులుతూనే ఉంటుంది. మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. పూసల మధ్యనున్న కాలువలో వెన్నుపాము ఉంటుంది. విరిగిన పూస ముక్క దానిని నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి, మలమూత్రాలపై అదుపు పోతుంది.

అందువల్ల 20వ శతాబ్దపు మొదటి సగం వరకు ప్రపంచమంతటా వెన్ను విరిగినవారికి దొరికిన చికిత్స దాదాపు ఒకటే. నెలల తరబడి పడక, ఆ తరువాత ఛాతీ నుంచి నడుము దాకా పిండికట్టు. పడకలో ఉన్నవారికి వీపున పుండ్లు పడేవి. మూత్రనాళాలకు చీము పట్టేది. చాలామంది ఎముక విరిగినందువల్ల కాక, ఈ పుండ్ల వల్ల, చీము వల్ల మరణించేవారు. స్క్రూ చరిత్రను అర్థం చేసుకోవాలంటే ఈ మంచాన్ని మీరు మరచిపోకూడదు. తరువాత వచ్చిన ప్రతి పరికరమూ రోగిని ఆ మంచం మీద నుంచి త్వరగా లేపడానికి చేసిన ప్రయత్నమే.

3. తీగ నుంచి కడ్డీకి

వెన్నెముకను లోపలి నుంచి బిగించాలన్న ఆలోచన 19వ శతాబ్దం చివర మొదలైంది. 1891లో అమెరికాలోని టెక్సాస్‌లో బెర్తోల్డ్ హాడ్రా అనే శస్త్రవైద్యుడు విరిగిన మెడపూసల వెనుక కొనలను వెండి తీగతో కలిపి కట్టాడు. 1911లో న్యూయార్క్‌లో రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు వైద్యులు వేర్వేరుగా మరో మార్గం చూపారు. లోహంతో పని లేకుండా, రోగి సొంత ఎముక సాయంతోనే పక్కపక్క పూసలను ఒకటిగా అతికించే శస్త్రచికిత్స అది. అప్పట్లో వారి ముందున్న ప్రధాన సమస్య వెన్నెముక క్షయ. ఎముక అతికే వరకు రోగి పిండికట్టులో ఉండవలసిందే.

లోహపు కడ్డీ రావడానికి కారణం మరో వ్యాధి. 1940, 1950 దశకాలలో అమెరికాను పోలియో పీడించింది. పోలియో సోకిన పిల్లలలో కండరాలు బలహీనపడి వెన్నెముక పక్కకు వంగిపోయేది. హ్యూస్టన్ నగరంలో పాల్ హారింగ్టన్ ఇలాంటి పిల్లల కోసం ఉక్కు కడ్డీ, దాని రెండు కొనల వద్ద కొక్కేలు గల పరికరాన్ని తయారుచేసి, 1962లో ఫలితాలను ప్రచురించాడు. పై కొక్కెం ఒక పూసకు, కింది కొక్కెం మరో పూసకు తగిలించి, మధ్యనున్న కడ్డీతో వాటిని ఎడంగా జరిపితే వంకర కొంత సరి అవుతుంది. సూత్రం సులువుగానే ఉంది. అయితే పట్టు రెండు కొనల వద్ద మాత్రమే ఉండేది. కొక్కెం జారే ప్రమాదం ఉండడంతో శస్త్రచికిత్స తరువాత కూడా నెలల తరబడి పిండికట్టు తప్పలేదు.

ఇక్కడ మీరు ప్రత్యేకంగా గమనించవలసిన వ్యక్తి మెక్సికోకు చెందిన ఎడ్వర్డో లుకే. ఆయన దగ్గరకు వచ్చే రోగులు పేదవారు. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవారు. ఆ వేడిలో, ఆ ఉక్కపోతలో ఛాతీ అంతా పట్టే పిండికట్టును భరించలేకపోయేవారు. మళ్లీ మళ్లీ పరీక్షకు రావడమూ వారికి సాధ్యమయ్యేది కాదు. అందువల్ల పిండికట్టు అవసరమే లేని పద్ధతి కోసం ఆయన వెతికాడు. 1970 దశకంలో ప్రతి పూస కమాను కింద నుంచి తీగ దూర్చి, దానిని పొడవైన కడ్డీకి ముడివేసే పద్ధతిని రూపొందించాడు. రెండు చోట్ల ఉన్న పట్టు ఇప్పుడు ప్రతి పూస దగ్గరా ఉంది. సామగ్రి చవక, పట్టు గట్టిది. కాని తీగను వెన్నుపాముకు ఆనుకునే దూర్చాలి. చెయ్యి కొంచెం తప్పితే నష్టం పెద్దది.

లుకే కథ ఎందుకు ముఖ్యం? పరికరం సరళం కావడానికి ఎప్పుడూ ఇంజనీరు తెలివే కారణం కాదు. రోగి ఊరు ఎంత దూరం, అక్కడి ఎండ ఎంత, బస్సు చార్జీకి డబ్బుందా లేదా అన్న విషయాలు కూడా నమూనాను నిర్ణయిస్తాయి. బాన్సువాడ నుంచి హైదరాబాదుకు సుమారు 150 కిలోమీటర్ల దూరం పోయిరావలసిన రోగిని తలచుకుంటే ఈ మాట మీకు బాగా అర్థమవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) చేతి ఎముకకు పనికివచ్చిన బయటి కట్టు వెన్నెముకకు ఎందుకు సరిపోలేదు?
ఆ) లుకే పద్ధతికి దారితీసిన సామాజిక కారణాలేవి?

4. పూసలోకి దారి

ఎముకకు స్క్రూ బిగించడం 20వ శతాబ్దపు ఆరంభానికే తెలిసిన విద్య. చేతులు, కాళ్ల ఎముకలకు లోహపు పలకలు, స్క్రూలు వాడేవారు. కాని ఎవరి స్క్రూ వారిది, ఎవరి కొలత వారిది. 1958లో స్విట్జర్లాండులో కొందరు శస్త్రవైద్యులు కలిసి ఏవో అనే సంఘాన్ని స్థాపించారు. స్క్రూల మందం, మర చుట్ల తీరు, తల మీది గుంట ఆకారం, వాటిని బిగించే పనిముట్లు అన్నిటికీ ఒకే ప్రమాణం తెచ్చారు. స్క్రూను సరళం చేయడంలో మొదటి పెద్ద మెట్టు ఇదే. కొత్త వస్తువును కనిపెట్టడం కంటే, ఉన్న వంద రకాలను కొద్ది రకాలకు కుదించడం ఒక్కోసారి పెద్ద పని అవుతుంది.

వెన్నెముకలో స్క్రూ ఎక్కడ వేయాలి? 1940 దశకంలో అమెరికాలో డాన్ కింగ్ పూసల వెనుకనున్న చిన్న కీళ్ల గుండా పొట్టి స్క్రూలు వేశాడు. అవి గట్టిగా నిలవలేదు. 1959లో కెనడాకు చెందిన బౌచర్ ఇంకా పొడవైన స్క్రూలను పెడికిల్ గుండా పంపిన పద్ధతిని ప్రచురించాడు. పెడికిల్ అంటే పూస ముందున్న లావు భాగాన్ని వెనుకనున్న కమానుతో కలిపే కాడ వంటి ఎముక. ప్రతి పూసకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి. పూస మొత్తంలో గట్టి పట్టు దొరికేది అక్కడే. వెనుక నుంచి వేసిన స్క్రూ ఈ కాడ గుండా ముందు భాగం వరకు పోతుంది కాబట్టి పూసను మూడు వైపులా అదుపు చేయవచ్చు.

పారిస్‌లో రేమండ్ రాయ్-కామిల్ 1963 నుంచి ఈ దారిలో స్క్రూలు వేసి, వాటిని లోహపు పలకలకు బిగించాడు. 1970లో తన అనుభవాన్ని ప్రచురించాడు. ఇక్కడి నుంచి స్క్రూ వెన్నెముక శస్త్రచికిత్సలో ప్రధాన స్థానం పొందడం మొదలైంది.

అయితే కొత్త చిక్కు వచ్చింది. పలకలోని రంధ్రాలు కర్మాగారంలోనే ఒకే దూరంలో వేసి ఉంటాయి. మనుషుల పూసల మధ్య దూరం మాత్రం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. రంధ్రం ఉన్న చోట పెడికిల్ ఉండదు, పెడికిల్ ఉన్న చోట రంధ్రం ఉండదు. 1980 దశకంలో అమెరికాలో ఆర్థర్ స్టెఫీ గుండ్రటి రంధ్రాల బదులు పొడవైన గాడి ఉన్న పలకను ప్రవేశపెట్టాడు. దీనితో స్క్రూను ముందు సరైన చోట వేసి, ఆ తరువాత పలకను దానికి తగ్గట్టు జరుపుకోవచ్చు. అదే దశకంలో ఫ్రాన్సులో కోట్రెల్, డ్యుబూసే ఒకే కడ్డీకి అనేక చోట్ల కొక్కేలు తగిలించే పద్ధతిని తెచ్చారు. తరువాత ఈ రెండు మార్గాలు కలిశాయి. పెడికిల్‌లో స్క్రూ, దాని తలలో కడ్డీ. నేడు మనం ఎక్స్‌రేలో చూసే రూపం ఇదే.

5. తిరిగే తల

కడ్డీ వచ్చినా చిక్కు పూర్తిగా తీరలేదు. తొలి స్క్రూలలో తల, కాండం ఒకే ముక్క. స్క్రూ ఏ కోణంలో ఎముకలోకి వెళితే దాని తల కూడా అదే కోణంలో నిలబడుతుంది. నాలుగైదు స్క్రూల తలలు తలా ఒక దిక్కు చూస్తుంటే వాటన్నిటిలో ఒకే కడ్డీని కూర్చోబెట్టడం కష్టం. శస్త్రవైద్యుడు ఆపరేషన్ బల్ల పక్కనే కడ్డీని వంచి, పెట్టి చూసి, మళ్లీ తీసి వంచవలసి వచ్చేది. సమయం గడిచేకొద్దీ రక్తం ఎక్కువ పోతుంది, పుండుకు చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

దీనికి పరిష్కారం తిరిగే తల. ట్రాక్టరు వెనుక కల్టివేటర్ తగిలించే లింకు కొనను మీరు చూసే ఉంటారు. అందులో గుండు వంటి కీలు ఉంటుంది. పనిముట్టు కొంచెం అటూ ఇటూ ఉన్నా ఆ గుండు తిరిగి సర్దుకుంటుంది. పిన్ను సులువుగా పడుతుంది. తిరిగే తల స్క్రూలో సూత్రం దాదాపు అదే. స్క్రూ కాండం పైకొన గుండ్రంగా ఉంటుంది. దాని మీద గిన్నె వంటి తల అన్ని వైపులకూ కొంత తిరుగుతుంది. కడ్డీని ఆ గిన్నెలో పెట్టి పై నుంచి బిగింపు మర వేస్తే, కడ్డీ, తల, కాండం మూడూ ఒకేసారి గట్టిగా బిగుసుకుంటాయి. జర్మనీకి చెందిన శస్త్రవైద్యుడు యుర్గెన్ హార్మ్స్, లుట్జ్ బీడర్‌మన్‌ల పేరిట ఇలాంటి నమూనాకు 1993లో అమెరికాలో పేటెంటు వచ్చింది. 1990 దశకంలో ఈ తరహా స్క్రూలు వేగంగా వ్యాపించాయి.

ఇప్పుడు జాగ్రత్తగా ఆలోచించండి. ఇది సరళమైన నమూనాయేనా? శస్త్రవైద్యుడికి అవును. కడ్డీని పదేపదే వంచే పని తగ్గింది. పక్క నుంచి బిగించే పాత నట్టుల స్థానంలో పై నుంచే వేసే మర వచ్చింది. కాని కర్మాగారం వైపు నుంచి చూడండి. ఒకే ముక్కగా ఉన్న స్క్రూ ఇప్పుడు కాండం, గిన్నె తల, లోపలి దిమ్మె, బిగింపు మర అనే నాలుగు భాగాలైంది. నాలుగూ అతి సన్నని కొలతలతో ఒకదానిలో ఒకటి ఇమడాలి. పైగా బరువు మితిమీరితే మొదట జారే అవకాశం ఉన్నది ఆ గుండు కీలు దగ్గరే. అందుకే విరిగిన పూసను బలంగా సరిచేయవలసి వచ్చినప్పుడు కొందరు వైద్యులు ఇప్పటికీ తల తిరగని పాత తరహా స్క్రూనే ఎంచుకుంటారు.

ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇది. సరళీకరణ కష్టాన్ని మాయం చేయదు. చాలాసార్లు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుస్తుంది. పిండికట్టు కాలంలో కష్టమంతా రోగి శరీరం మీద ఉండేది. తీగలు, పలకల కాలంలో అది శస్త్రవైద్యుడి చేతి మీదికి వచ్చింది. తిరిగే తలతో అది కర్మాగారానికి, దాని వెంట ధర రూపంలో రోగి ఇంటికి చేరింది.

నమూనాలో ఇంకొక లెక్క కూడా ఉంది. స్క్రూ మందం కొద్దిగా పెరిగినా దాని బలం ఎక్కువగా పెరుగుతుంది. వంపును తట్టుకునే శక్తి మర చుట్ల లోపలి కాండం మందానికి ఘనంగా మారుతుంది. కాండం 5 మిల్లీమీటర్ల నుంచి 6 మిల్లీమీటర్లకు పెరిగితే ఆ శక్తి సుమారు 1.7 రెట్లవుతుంది. అలాగని ఇష్టం వచ్చినంత లావు చేయలేం. పెడికిల్ సన్నగా ఉన్న చోట లావు స్క్రూ ఆ కాడనే చీల్చేస్తుంది. అందుకే అనేక మందాలు, అనేక పొడవులు అవసరమయ్యాయి. 3 మందాలు, 5 పొడవులు, 2 రకాల తలలు అనుకుంటే 30 రకాల స్క్రూలవుతాయి. ఒక మనిషికి వేసేది నాలుగే. మిగిలినవన్నీ ప్రతి ఆపరేషన్‌కూ పళ్లేలలో సిద్ధంగా ఉండాలి, ప్రతిసారీ ఆవిరితో శుద్ధి కావాలి. రకాలను తగ్గించడం, ఒక్క రోగికి సరిపడే చిన్న పెట్టెలుగా సర్దడం, తానే దారి చేసుకుపోయే మొనతో స్క్రూను తయారుచేసి పనిముట్లు తగ్గించడం వంటివి ఇప్పటి సరళీకరణ ప్రయత్నాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) పలకలోని రంధ్రాల వల్ల వచ్చిన సమస్య ఏమిటి? గాడి దానిని ఎలా తీర్చింది?
ఆ) తిరిగే తల స్క్రూ ఎవరికి సులువైంది? ఎవరికి కష్టమైంది?

6. లోహం, హైదరాబాదు

తొలి స్క్రూలు, కడ్డీలు తుప్పు పట్టని ఉక్కుతో చేసినవి. తరువాత టైటానియం మిశ్రమ లోహం వచ్చింది. ఇది ఉక్కు కంటే చాలా తేలిక. ఉక్కుతో పోలిస్తే సుమారు సగం బిగువు మాత్రమే ఉండడం వల్ల ఎముకతో కొంత మెరుగ్గా సర్దుకుంటుంది. శరీరం దానిని బాగా అంగీకరిస్తుంది. ఎంఆర్‌ఐ పరీక్షలో చిత్రాన్ని ఉక్కు అంతగా చెరపదు. అయితే టైటానియంను శుద్ధి చేయడం, మలచడం ఖరీదైన పని.

ఈ దశలో మన చరిత్ర హైదరాబాదు చేరుతుంది. కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధనశాల ఉంది. ఆ పక్కనే 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ ఉంది. దీనినే మిధాని అంటారు. విమానాలు, క్షిపణులు, అంతరిక్ష వాహనాల కోసం ప్రత్యేక లోహాలు తయారుచేయడం దీని ప్రధాన పని. ఆ క్రమంలోనే శరీరంలో అమర్చే పరికరాలకు పనికివచ్చే టైటానియం కూడా ఇక్కడ తయారైంది. యుద్ధం కోసం నేర్చిన విద్య ఎముక దగ్గరకు వచ్చింది.

ఇలాంటి మార్పుకు మరింత స్పష్టమైన ఉదాహరణ అబ్దుల్ కలాం హైదరాబాదులో క్షిపణి కార్యక్రమాన్ని నడిపిన కాలం నాటిది. పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి మొదట నిజాం ధర్మనిధి సాయంతో వెలసిన ఎముకల ఆసుపత్రి. అక్కడి ఎముకల వైద్యుడొకరు క్షిపణి కోసం చేసిన తేలికైన కర్బన మిశ్రమ పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. తమ ఆసుపత్రిలో పోలియో పిల్లలు సుమారు మూడు కిలోల బరువున్న లోహపు కాలి ఊతలతో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారని చెప్పారు. ఆ పదార్థంతో చేసిన కొత్త ఊత 300 గ్రాములకు దిగింది. ఈ సంగతిని కలాం తన రచనల్లో, ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నారు. తరువాత 1998లో హైదరాబాదు హృద్రోగ వైద్యుడు సోమరాజుతో కలిసి ఆయన రూపొందించిన కలాం–రాజు స్టెంట్ కూడా ఇదే దారిలో వచ్చింది.

ఈ రెండూ వెన్నెముక స్క్రూలు కావు. అయినా ఈ పాఠంలో వాటికి చోటుంది. పరికరాన్ని సరళం చేసే ఆలోచన ప్రయోగశాలలో ఒంటరిగా పుట్టలేదు. రోగి నడకను రోజూ చూసే మనిషి, లోహాన్ని రోజూ చూసే మనిషి ఒకే బల్ల ముందు కూర్చున్నప్పుడు పుట్టింది.

7. చట్టం, ధర

పరికరం ఎంత బాగున్నా దానిని ఎవరు పరీక్షించాలి? అమెరికాలో ఈ ప్రశ్న పెద్ద వివాదమైంది. 1980 దశకంలో పెడికిల్ స్క్రూకు వెన్నెముకలో వాడకానికి అనుమతి దొరకలేదు. ఒక కంపెనీ అదే సామగ్రిని చేతులు, కాళ్ల పొడవైన ఎముకల కోసమని చూపి 1986లో అనుమతి పొందింది. వైద్యులు దానిని వెన్నెముకలో వాడారు. 1990 దశకంలో వేలాదిమంది రోగులు కోర్టుకెక్కారు. చివరకు 1998లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ కొన్ని వ్యాధులలో పెడికిల్ స్క్రూల వాడకానికి నిబంధనలను సడలించింది. ఈ వివాదం నుంచి పుట్టిన ఒక కేసు 2001లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పేరులో "ఎముక స్క్రూ" అని మాత్రమే ఉండడం, ఏ ఎముక అన్నది చెప్పకపోవడం ఎంత పెద్ద తేడా తెస్తుందో ఈ ఉదంతం చూపుతుంది.

మన దేశంలో చాలాకాలం పాటు ఇలాంటి పరికరాలపై ప్రత్యేక అదుపు లేదు. 2005లో కేంద్ర ప్రభుత్వం ఎముకలలో అమర్చే పరికరాలతో సహా కొన్నిటిని ఔషధాల చట్టం కిందికి తెచ్చింది. వైద్య పరికరాల నిబంధనలు 2017లో వెలువడి 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. 2017లోనే గుండె స్టెంట్లకు, మోకాలి కీళ్ల పరికరాలకు గరిష్ఠ ధరలు నిర్ణయించారు. 2020 ఏప్రిల్ నుంచి అన్ని వైద్య పరికరాలనూ ఔషధాలుగా పరిగణించి, వాటి గరిష్ఠ చిల్లర ధరను ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదని నియమం పెట్టారు.

రోగి వైపు నుంచి చూస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పెద్ద మలుపు. అంతకు ముందు ఇలాంటి ఆపరేషన్ అంటే పేద ఇంట్లో ఎకరం పొలమో, పుస్తెలతాడో పోయేది. పథకం వచ్చాక ఖర్చు ప్రభుత్వ లెక్కల్లోకి వచ్చింది. దానితో స్క్రూ ధర ఒక ఇంటి సమస్యగా ఉండక, ప్రజాధనానికి సంబంధించిన ప్రశ్న అయింది. తక్కువ భాగాలు, తక్కువ రకాలు, స్థానికంగా తయారయ్యే లోహం అన్న మాటలకు విలువ పెరిగింది అందుకే. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుకు 2017లో పునాది వేయడాన్ని, విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ వెలియడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి.

8. స్క్రూ అక్కరలేని చోట

ఏ పరికర చరిత్రలోనైనా ఒక ప్రమాదం ఉంది. పరికరం మెరుగైనకొద్దీ మనం దానినే జవాబుగా చూస్తాం. తెలుగువారికి, వారి పొరుగువారికి సంబంధించిన మూడు ఉదాహరణలు మనల్ని హెచ్చరిస్తాయి.

మొదటిది వెన్నెముక క్షయ. 1970 దశకంలో మద్రాసులో, మరికొన్ని దేశాలలో జరిగిన పరిశీలనలు, సరైన మందులను క్రమంగా వాడితే ఎక్కువమంది రోగులకు పడకా, పిండికట్టూ లేకుండానే, నడుస్తూ తిరుగుతూ ఉండగానే వ్యాధి నయమవుతుందని చూపాయి. కాళ్లు చచ్చుబడడం వంటి పరిస్థితులలో శస్త్రచికిత్స అవసరమవుతుంది. కాని చాలామందికి కావలసింది మందు బిళ్ల.

రెండవది ఫ్లోరోసిస్. 1937లో నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో, 1955లో నల్లగొండ జిల్లాలో ఈ వ్యాధి గురించి వైద్య పత్రికలలో రాశారు. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వెన్నుపూసలు దళసరి అయి, బంధనాలు ఎముకలా గట్టిపడి, వెన్నుపాము కాలువ ఇరుకవుతుంది. హైదరాబాదు నరాల శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి వంటివారు దీనిని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఇక్కడ అసలు పరిష్కారం ఆపరేషన్ గదిలో లేదు, మంచినీటి కుళాయిలో ఉంది.

మూడవది మన ఉపోద్ఘాతంలోని గీత కార్మికుడు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు చెట్టు నుంచి పడిపోకుండా ఆపే భద్రతా కిట్ల పంపిణీ ప్రారంభించింది. తాడు, పట్టీ, కొక్కెం వంటివి. వెన్నెముకలో నాలుగు స్క్రూల కంటే ఇవి సరళమైనవి.

దీని అర్థం స్క్రూ వృథా అని కాదు. విరిగిన పూస వెన్నుపామును నొక్కుతున్నప్పుడు ఆ నాలుగు స్క్రూలే మనిషిని మంచం నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి కాళ్ల మీదికి తెస్తాయి. అయితే ఆ మనిషి చెట్టు నుంచి పడకుండా ఉండడం అంతకంటే మేలు. చరిత్రకారుడు ఈ రెండు సంగతులూ రాయాలి.

9. సారాంశం

వెన్నెముకను నిలబెట్టే పద్ధతులు పడక, పిండికట్టు, తీగ, ఎముక అతుకు, కొక్కేల కడ్డీ, పలక, పెడికిల్ స్క్రూ, తిరిగే తల స్క్రూ అనే క్రమంలో వచ్చాయి. ప్రతి మార్పుకూ వెనుక ఒక నిర్దిష్ట కష్టం ఉంది. క్షయ, పోలియో, ఎండ, దూరం, ఆపరేషన్ సమయం, ధర వంటివి నమూనాను మలిచాయి. సరళీకరణ ఒక్కొక్కసారి భాగాలను తగ్గించింది, ఒక్కొక్కసారి పెంచింది. అందువల్ల "ఇది సరళమైనదా?" అని అడగడం చాలదు. "ఎవరికి సరళమైనది? ఆ కష్టం ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అని అడగాలి.

ఈ చరిత్రలో ఒక లోటును కూడా మీరు గమనించే ఉంటారు. ఇందులో పేర్లన్నీ వైద్యులవి, శాస్త్రవేత్తలవి. ఆ స్క్రూలను శరీరంలో మోసినవారి పేర్లు, మాటలు ఎక్కడా లేవు. వైద్య పత్రికలు వారిని సంఖ్యలుగానే రాశాయి. ఆ ఖాళీని నింపగలిగేది మీ వంటి విద్యార్థులే.

ముఖ్యపదాలు

పెడికిల్: పూస ముందు భాగాన్ని వెనుక కమానుతో కలిపే కాడ వంటి ఎముక.
తిరిగే తల స్క్రూ: కాండం మీద తల అన్ని వైపులకూ కొంత తిరిగి, కడ్డీ బిగించాక స్థిరపడే స్క్రూ.
బిగింపు మర: కడ్డీని స్క్రూ తలలో నొక్కి పట్టే చిన్న మర.

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. వెన్నెముక స్క్రూ నమూనాలో వచ్చిన మార్పులను 1940 దశకం నుంచి 1990 దశకం వరకు వివరించండి.
2. "సరళీకరణ కష్టాన్ని ఒకరి నుంచి మరొకరికి మారుస్తుంది." ఈ వాక్యాన్ని తగిన ఉదాహరణలతో చర్చించండి.
3. వైద్య పరికరాల విషయంలో మన దేశంలో 2005 తరువాత వచ్చిన నియమాలను సంగ్రహంగా రాయండి.

క్షేత్రకార్యం

మీ ఊళ్లో చెట్టు మీద నుంచో, ట్రాక్టరు మీద నుంచో, ఇంటి కప్పు మీద నుంచో పడి వెన్ను దెబ్బతిన్న ఒకరిని, వారి అనుమతితో కలవండి. ఎన్నాళ్లు మంచంలో ఉన్నారు, ఇంట్లో ఎవరు చూసుకున్నారు, డబ్బు ఎలా సమకూరింది, ఇప్పుడు ఏ పని చేయగలుగుతున్నారు అని అడిగి రెండు పేజీలు రాయండి. 1980కి ముందు దెబ్బతిన్న వృద్ధులెవరైనా దొరికితే వారి మాటలను పక్కనే రాసి పోల్చండి. అసలు పేరు రాయవద్దు, ఏడాది మాత్రం తప్పక రాయండి.